మాచమ్మ చిక్కుడు పాదు

చిదంబరయ్యగారి ఆశ్రమంలో ఒక ఆచారం ఉండేది. సాయంకాలం ఆయన బోధిస్తుండగా ఎవరికి సందేహం కలిగినా "ఆగండి" అనవచ్చు. ఆయన ఆగి తీరవలసిందే. ఆ మాట అందరికంటె ఎక్కువగా అన్నది పెరటి పాదులు చూసుకునే ముసలి మాచమ్మ. "మొన్న ఒకటి చెప్పి ఇవాళ ఇంకొకటి చెబుతున్నావేం నాయనా? ఏది నమ్మి చావను?" అనేది.

శిష్యుడు సూరన్నకు అది గురునిందగా తోచింది. ఒకనాడు వాకిట్లోనే అడ్డుపడి, "అయ్యగారికి ఒంట్లో నలతగా ఉంది, అవ్వా" అన్నాడు. అది అబద్ధం. మాచమ్మ మూడు రోజులు వచ్చి తిరిగి వెళ్లింది. నాలుగో రోజునుంచి సాయంకాలం బోధకు రాలేదు. ఆమె ఏదని గురువుగారు అడగలేదు. సూరన్నను పక్కన కూర్చోబెట్టుకుని తన పళ్లెంలోని అరటిపండు వలిచి పెట్టారు. కార్తికం వెళ్లకముందే మాచమ్మ కన్నుమూసింది.

పుష్యంలో ఒక ఉదయం సూరన్న ఇక దాచుకోలేకపోయాడు. "గురువుగారూ, ఆమెను అడ్డగించడం వల్ల మీకు శ్రమ తప్పింది, నాకు మీ వాత్సల్యం దక్కింది. ఇద్దరికీ మేలు చేసిన పని నన్నెందుకిలా తొలుస్తోంది?"

ఆయన అతణ్ణి పెరటిలోకి, మాచమ్మ వేసిన చిక్కుడు పాదు దగ్గరికి తీసుకువెళ్లారు. లేత కొసల నిండా నల్లగా, తీగ రసం పీల్చే పేనుబంక పట్టి ఉంది. చీమలు ఆ పురుగులను మీసాలతో మెల్లగా నిమురుతున్నాయి. నిమిరినప్పుడల్లా పురుగు తీయని బొట్టొకటి విడుస్తోంది, చీమ తాగుతోంది. ఇంతలో పేనుబంకను తినే ఎర్రని అక్షింతల పురుగొకటి వచ్చి వాలింది. చీమలన్నీ ఒక్కుమ్మడిగా మీదపడి దాన్ని కరిచి తరిమేశాయి.

"ఎంత చక్కని కాపలా!" అన్నాడు సూరన్న, తనకు ఊరట దొరికిందనుకుని.

గురువుగారు తీగను అతని చేతికిచ్చారు. ఆకులు ముడుచుకుపోయాయి. పూత మాడి అరచేతిలో రాలింది. ఒక్క పిందె అయినా లేదు. మాచమ్మ ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే పురుగు పట్టకుండా దానిమీద బూడిద చల్లేదని అతనికి అప్పుడు గుర్తుకొచ్చింది.

వంటింటి బూడిద కోసం పరుగెత్తబోయిన సూరన్న నాలుగడుగులు వేసి, మాడిన పూత ఇక కాయదని తట్టి ఆగిపోయాడు. "ఈ పాపం నాది, గురువుగారూ" అన్నాడు.

చిదంబరయ్యగారు కొసమీది పేనుబంకను వేలితో చూపి, ఆ వేలినే తన గుండెకు ఆనించుకున్నారు.

"చీమనొక్కదాన్నే తిట్టకురా, సూరన్నా. దానికి తీపి అలవాటు చేసిందెవరో అదీ చూడు."