మూలగది బదులు మనిషి

ఆ ఓడలో పై అంతస్తు వాళ్లు డ్రిల్లుకి రారు. తమ బదులు మనుషుల్ని పంపుతారు.

ఈ పద్ధతి పనిగట్టుకుని ఎవరూ పెట్టింది కాదు. ఓడ బయల్దేరిన కొత్తలో డ్రిల్లు కూత వినపడగానే అందరూ లైఫ్ జాకెట్లు తగిలించుకుని, ఓడ మునిగితే ఎక్కాల్సిన పడవల దగ్గరికి వచ్చేవారట. ఒకసారి పై అంతస్తులో ఒక పెద్దాయనకి మోకాలు వాచింది. బట్టలుతికే మనిషిని పంపి, నా బదులు వీణ్ణి లెక్కేసుకోండి అని కబురు చేశాడు. లెక్క సరిపోయింది. తర్వాతి డ్రిల్లుకి పక్కగది ఆయనకీ మోకాలు నొప్పి పుట్టింది. కొన్నాళ్లకి మోకాళ్ల ప్రసక్తి లేకుండానే మనుషులు రావడం మొదలైంది. ఇంకొన్నాళ్లకి, స్వయంగా వచ్చి నిలబడే వాళ్లని చూసి, పాపం వీళ్లకి మనిషి దొరకలేదు కాబోలు అని మిగతావాళ్లు జాలిపడసాగారు. ఆ జాలి భరించలేక ఆ మిగిలిన నలుగురూ మానేశారు. కెప్టెన్ మాత్రం మనిషిని పంపేవాడు కాదు. టోపీ పంపేవాడు. దాన్ని ఒక కుర్చీలో పెట్టి డ్రిల్లు జరిపించేవారు.

మూలగది అమ్మగారి బదులు నిలబడే ఆమె కింది అంతస్తులో కూతురితో ఉండేది. కూత వినపడితే చేతిలో పని వదిలేసి మెట్లెక్కాలి. మూలగదిలో తలుపు పక్క కొక్కేనికి అమ్మగారి లైఫ్ జాకెట్, దాని కింద మడతపెట్టిన అమ్మగారి పాత పట్టుచీర ఉండేవి. పై అంతస్తు వరసలో ముతకచీరలు కనపడితే బావుండదని ఆ చీర ఏర్పాటు. అది చుట్టుకుని, మీద జాకెట్ తగిలించుకుని, పట్టీలు బిగించి, ఎండలో మొదటి పడవ దగ్గర నిలబడేది. పడవల లెక్క చూసే సరంగు ఒక్కో గదినీ పిలిచేవాడు. మూలగది అనగానే ఉన్నానండీ అనేది. అంతే పని. కానీ అక్కడ నిలబడే వేళకి ఆమె అప్పటికే కింద పనుల్లో సగం రోజు నిలబడి ఉండేది.

బదులు మనుషులు ఊరికే ఉండేవారు కాదు. పెద్దగది బదులు నిలబడే అతను చిన్నగది బదులు మనిషిని తనకంటే ముందు నిలబడనిచ్చేవాడు కాదు. ఇంకొకతను చొక్కా తడిసేలా చెమటలు కక్కుతూ, మా అయ్యగారికి ఎండ పడదండీ, కాస్త నీడ చూపించండి అని సరంగుని సతాయించేవాడు. ఆమె ఈ గొడవల్లో తలదూర్చేది కాదు. కాళ్లు మార్చి మార్చి నిలబడటంలోనే ఆమె ఓపికంతా అయిపోయేది.

కూతురికి మాత్రం ఇదంతా వేళాకోళంగా ఉండేది. వంటశాలలో గిన్నెలు తోమి వచ్చి, గోడకి చేరగిలబడి తల్లిని చూస్తూ అనేది.

"అమ్మా, నువ్వు నిలబడితే అమ్మగారికి కాళ్లనొప్పులు వస్తాయా?"

"రావు. నాకే వస్తాయి."

"మరి అన్నం ఆవిడ బదులు నువ్వు తినకూడదూ?"

తల్లి నవ్వేది కాదు. ఆమె నిలబడుతున్నది ఈ పిల్ల కోసమే. అది పిల్లకి చెప్పినా తలకెక్కేది కాదు.

సంగతేమిటంటే, పడవలకి ఒక వరస ఉంది. పై అంతస్తుకి మొదటి పడవలు, నడిమి అంతస్తుకి వాటి తర్వాతవి, కింది అంతస్తుకి ఆఖరి పడవ. ఆ ఆఖరి పడవ లేదు. అడుగు పాడైందని ఎప్పుడో ఏదో రేవులో బాగుచెయ్యడానికి దించారు. ఓడ దాన్ని తీసుకోకుండానే కదిలింది. అది వేలాడిన చోట ఇప్పుడు రెండు తాళ్లు గాలికి ఊగుతుంటాయి. డ్రిల్లు నాడు కింది అంతస్తు వాళ్లందరూ వచ్చి ఆ తాళ్ల కింద వరసగా నిలబడేవారు. పడవేదీ అని మొదట్లో అడిగేవారు. వస్తుంది అని చెప్పేవారు. తర్వాత అడగడం మానేశారు. నిలబడటం మానలేదు. పై అంతస్తు వాళ్లకి ఈ తాళ్ల సంగతి తెలియదు. తెలియాలంటే ఒక్కసారైనా డ్రిల్లుకి రావాలి.

అయితే పై అంతస్తు గదికి ఒక హక్కుంది. గదిలో ఉన్న మనిషి తనతో పాటు ఒక వెంట మనిషిని పడవలోకి తీసుకోవచ్చు. పేరు చెబితే చాలు. మూలగది అమ్మగారికి తనవాళ్లెవరూ ఓడలో లేరు. మొదటిసారి పట్టుచీర చేతికిచ్చినప్పుడే, నీ పిల్లని నా వెంట మనిషిగా చెప్తాలే అన్నారు. ఆ మాట మీదే ఈమె ఇన్నాళ్లూ మెట్లెక్కుతోంది. ఇందుకు అమ్మగారు ఇస్తున్నది ఆ మాట, మిగిలిన కాఫీ. కాఫీ అప్పుడప్పుడూ వేడిగానే ఉండేది.

ప్రతి డ్రిల్లులోనూ సరంగు, మూలగదికి వెంట మనిషి ఎవరు అని అడిగేవాడు. ఇంకా చెప్పలేదండీ అనేది ఆమె. దిగి వెళ్లి పట్టుచీర మడతపెడుతూ అమ్మగారికి గుర్తుచేసేది. అమ్మగారు మర్చిపోయే మనిషి కారు. పేరు చెప్పేస్తే ఇక ఇది మెట్లెక్కదేమోనని ఆవిడ అనుమానం. అది ఈమెకీ తెలుసు. ఈమెకి తెలుసని ఆవిడకీ తెలుసు. ఇద్దరూ మర్యాదగా ఆ మాట వాయిదా వేసుకుంటూ వచ్చారు.

పాత సరంగుకి ఎవరు ఎవరి బదులో తెలిసేది. ఆయన పోయాక వచ్చిన సరంగు ఈ డ్రిల్లుల్లోనే అందరి మొహాలూ నేర్చుకున్నాడు. పై అంతస్తు గదుల్లోకి అతను వెళ్లింది లేదు, అక్కడి వాళ్లు బయటికి వచ్చింది లేదు. అందుకని మూలగది అమ్మగారంటే అతనికి పట్టుచీరలో ఉన్న ఈమే. ఎదురుపడితే తప్పుకుని దారిచ్చేవాడు. ఆమె మొదట్లో కాదండీ అందామనుకుంది. చెప్పడం కూడా ఒక పనే. అలిసిపోయిన మనిషికి ఇంకో పని ఎందుకని ఊరుకుంది.

ఒక మధ్యాహ్నం, భోజనాలైన వేళ, అడుగున ఏదో గట్టిగా రాసుకున్నట్టు చప్పుడైంది. కాసేపటికి కింది అంతస్తులో చాపలు తడిశాయి. ఆ పైన కూత మొదలైంది.

ఆమె కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. పిల్లని మలుపు దగ్గర నిలబెట్టి మూలగది తలుపు తోసింది. అమ్మగారు పడక్కుర్చీలో కూర్చుని వక్క నములుతున్నారు.

"వచ్చావా? అదుగో, జాకెట్ అక్కడే ఉంది."

"అమ్మగారూ, ఇవాళ మీరే రావాలి. కింద నీళ్లొచ్చాయి."

"అలాగా. నేను చెప్తాలే, తుడిపిస్తారు."

"తుడిచే నీళ్లు కాదమ్మగారూ. ఇది డ్రిల్లు కాదు. ఓడ మునుగుతోంది."

అమ్మగారు ఆమెని ఎగాదిగా చూశారు. కోపం లేదు. కాఫీలో పంచదార తక్కువైందని ఎవరో చెబితే విన్నట్టు విన్నారు.

"అయితే మాత్రం? నా బదులు నువ్వున్నావుగా."

ఆమె ఆ మాటలో తప్పెక్కడుందో వెతికింది గానీ, ఇన్నేళ్లుగా దాన్ని తనే నిజం చేస్తూ వచ్చింది కదా, దొరకలేదు. అడగాల్సింది మాత్రం అడిగింది. పోనీ పిల్ల పేరైనా ఇప్పుడు చెప్పండి, సరంగుకి చెప్పుకుంటాను అంది. వచ్చే డ్రిల్లుకి చూద్దాంలే, ముందు నువ్వు వెళ్లు, ఆలస్యమైతే నా పేరు పోతుంది అన్నారు అమ్మగారు.

ఆమె పట్టుచీర చుట్టుకుంది. జాకెట్ తగిలించుకుని పట్టీలు బిగించింది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఒకసారి, రండమ్మగారూ అంది. అమ్మగారు చేత్తో వెళ్లు వెళ్లు అన్నారు. మలుపు దగ్గరున్న పిల్లని వెంటబెట్టుకుని పైకెక్కింది.

పైన పడవలు అంచుదాకా దించి ఉన్నాయి. కుర్చీలో కెప్టెన్ టోపీ ఉంది, ఓడ వాలడంతో కాస్త పక్కకి జరిగింది. మొదటి పడవ దగ్గర బదులు మనుషులందరూ ఎప్పటిలాగే గదుల వరసలో నిలబడ్డారు. ఎవరూ తోసుకోలేదు. పెద్దగది బదులు మనిషి చిన్నగది బదులు మనిషిని ఈ వేళ కూడా వెనక్కి పొమ్మన్నాడు. సరంగు ఒక్కో గదినీ పిలిచి ఎక్కిస్తున్నాడు.

"మూలగది?"

"ఉన్నానండీ."

"వెంట మనిషి?"

ఎప్పుడూ చెప్పే జవాబు నోటిదాకా వచ్చింది. దాన్ని మింగింది.

"ఉంది. ఇదుగో."

అంటూ వెనక్కి తిరిగి కూతుర్ని ముందుకి లాగింది. పిల్ల చేతుల నిండా గిన్నెల మసి. అమ్మగారి వెంట మనిషి అలాగే ఉంటుందనుకున్నాడు సరంగు. కాలు జాగ్రత్త అమ్మగారూ అని తల్లి మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. పిల్ల తనంతట తనే దూకింది. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఆ పడవలో కూర్చోవడం ఆమెకి అదే మొదలు. బల్ల ఇరుకుగా, గట్టిగా ఉంది. ఇంత దానికా అనిపించింది.

పడవ నిండింది. తాళ్లు వదలబోతుండగా మెట్ల మీద ఎవరో వస్తున్న అలికిడైంది.

అమ్మగారు. ఎన్నిసార్లు గంట కొట్టినా పలికేవాళ్లు లేక, కాఫీ కప్పు బల్ల మీంచి జారిపోయాక, వచ్చారు. ఇంట్లో కట్టుకునే నూలుచీర, ముడి ఊడిన జుట్టు. పడవలు ఎటో తెలియక ఓడంతా తిరిగినట్టున్నారు, రొప్పుతున్నారు.

ఎవరమ్మా నువ్వు అన్నాడు సరంగు. మూలగది అన్నారు ఆవిడ. మూలగది ఎక్కేసిందన్నాడు. అంతకుముందే ఇద్దరు పెద్దమనుషులు ఇలాగే వచ్చి, మేం ఫలానా గది వాళ్లం అంటే, ఆ గదులు ఎక్కేశాయని పంపేశాడు. ఇలాంటి వేళ ఎవరైనా ఏ పేరైనా చెప్తారని అతనికి తెలుసు. అతనూ అలిసిపోయి ఉన్నాడు.

అమ్మగారు పడవలోకి చెయ్యి చూపించారు.

"అది నా మనిషి. నా బదులు వచ్చింది. అడగండి."

సరంగు పడవ వైపు తిరిగాడు. బదులు మనుషులందరూ ఒక్కసారిగా సముద్రాన్ని చూడటంలో పడ్డారు. కూతురు తల్లి మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

ఆమెకి లెక్క తెలుసు. నిజం చెబితే తను దిగాలి. తను దిగితే, తన మాట మీద ఎక్కిన పిల్లా దిగాలి. అమ్మగారు ఎక్కాక పిల్ల పేరు చెప్తారా అంటే, చెప్పొచ్చు. ఇన్నాళ్లూ చెప్పొచ్చనే అనుకుంది.

"ఏమ్మా, ఈవిడెవరో మీకు తెలుసా?" అన్నాడు సరంగు.

"తెలుసండీ. నా బదులు నిలబడే మనిషి. ఈ వేళ ఆలస్యంగా వచ్చింది."

ఆమె గొంతులో పగ లేదు. రోజూ ఉన్నానండీ అన్నట్టే అంది. సరంగుకి అనుమానించడానికేమీ కనపడలేదు. అయితే నీ చోటు కిందమ్మా, ఆఖరి పడవ వరస, త్వరగా వెళ్లు అని ఆవిడకి మెట్లు చూపించి, ఈ పడవ తాళ్ల వైపు తిరిగిపోయాడు.

అమ్మగారు గొడవ చేస్తారని ఆమె అనుకుంది. చెయ్యలేదు. ఓడ అంచు కమ్మీ మీదికి వంగి, ఇన్నేళ్లలో ఎన్నడూ చూడనట్టు ఆమె మొహంలోకి చూశారు. జాకెట్ పట్టీలు సరిగ్గా బిగించి ఉన్నాయో లేదో కూడా చూశారు. తర్వాత, ఇద్దరికీ మాత్రమే వినపడేలా అడిగారు.

"అక్కడ ఏం చెయ్యాలే?"

"ఏమీ లేదమ్మగారూ. పిలిచేదాకా నిలబడాలి."

పడవ ఒక్క కుదుపుతో కిందికి జారింది. అమ్మగారు తలూపి మెట్ల వైపు నడిచారు. మొదటి మెట్టు దిగేముందు, అలవాటుగా, పట్టుకోవడానికి ఎవరైనా ఉన్నారేమోనని పక్కకి చెయ్యి చాచారు.