తీగెలకి ఇవతల

జోగారావు మాస్టారికి ఒక పాడు అలవాటు ఉండేది. బెలూన్ బుట్టలోంచి వంగి కిందికి ఉమ్మేవారు. చూసినవాళ్ళు మొహం చిట్లించుకునేవారు. ఆ ఉమ్ము పడుతూ పడుతూ ఎటు ఒరిగితే, కింద గాలి అటు వీస్తోందని ఆయన లెక్క. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకి పోతుంది. మనకి కావలసిన గాలి దొరికేదాకా పైకో కిందికో జరగాలి. అంతే తప్ప బెలూన్‌ని పక్కకి తిప్పే సాధనం ఏదీ లేదు.

రెండేళ్ళుగా ఆయన దగ్గర నేర్చుకుంటున్న భానోజీకి ఇదే మింగుడుపడేది కాదు. "స్టీరింగు లేదు, బ్రేకు లేదు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టుంది మాస్టారూ. ఈమాత్రం దానికి పైలట్ ఎందుకండీ?" అని ఓ సాయంత్రం అడిగేశాడు. బెలూన్ వెంట కింద జీపు తోలేది నేనే, అప్పుడు పక్కనే ఉన్నాను. మాస్టారు "రేపు నువ్వే నడిపి స్కూలు మైదానంలో దించు. నీ కాగితం మీద సంతకం పెడతాను," అన్నారు. ఆ సంతకం ఉంటేనే లైసెన్సు పరీక్షకి పిలుస్తారు. దానికోసమే భానోజీ లారీ ఉద్యోగం వదిలేసి, ఇంట్లో రోజూ మాటలు పడుతున్నాడు. అందుకే భార్యని కూడా పొద్దున్నే మైదానానికి రమ్మన్నాడు.

తెల్లవారాక గురుశిష్యులిద్దరే ఎక్కారు. మైదానం వైపు వీచే గాలి కిందెక్కడో ఉందని పసిగట్టి భానోజీ మెల్లగా దిగాడు. ఆ గాలి దొరికింది, మైదానం ఎదురుగా కనబడింది. దానికి ముందు వలిసె చేను, చేను చివర కరెంటు తీగెలు. తీగెల పైనుంచి దాటి అవతల దిగాలి. ఆ సంబరంలో మనవాడు మంట పెట్టడం మరిచాడు. బెలూన్ దిగుతూనే ఉంది.

చూసుకునేసరికి తీగెలు దగ్గరికొచ్చేశాయి. బర్నర్ నొక్కాడు. మంట బుస్సుమని లేచింది, బుట్ట మాత్రం దిగుతూనే ఉంది. అంత పెద్ద గుడ్డసంచిలో గాలి వేడెక్కాలంటే బానలో నీళ్ళు కాగినట్టే, తొందరపెడితే కాగవు. కింద జీపులోంచి చూస్తున్న నాకు, ముసలాయన కదలకుండా నిలబడి ఉంటే ఆయన మీద ఒళ్ళు మండింది. బెలూన్‌ని ఉన్నపళాన దించేసే ఎర్ర తాడు పక్కనే ఆయన చెయ్యి ఉందని భానోజీ తరవాత చెప్పాడు. పైన జరిగిన మాటలూ వాడు చెప్పినవే.

"మంటకి బెలూన్ లేవడానికి ఎంత లెక్కపెట్టాలి?" అన్నారు మాస్టారు.

"పన్నెండు."

"తీగెలు ఎంతకొస్తాయి?"

భానోజీ తీగెల వైపు చూశాడు. వాటికి అవతల నిలబడ్డ భార్య వైపు చూశాడు. "తొమ్మిది," అన్నాడు.

బర్నర్ వదిలేసి, ఎర్ర తాడు రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. బెలూన్ నెత్తిమీద మూత తెరుచుకుని వేడిగాలి బయటికి పోయింది. మాస్టారు గ్యాస్ కట్టేశారు. బుట్ట దబ్బున చేలో పడి, పక్కకి ఒరిగి, వలిసె పూలని దున్నుకుంటూ పోయి ఆగింది. నేను జీపు వదిలి పరుగెత్తాను. ఇద్దరికీ ప్రాణం ఉంది. మాస్టారి పెదవి చిట్లింది. కూలిన గుడ్డ అంచు నుంచి తీగెలకి పది అడుగులు కూడా లేవు.

భానోజీ మట్టిలో కూర్చుని, నేను చూస్తున్నానని కూడా లేకుండా ఏడ్చాడు. మాస్టారు జేబులోంచి కాగితం తీశారు. 'దిగిన చోటు' అన్న గడిలో 'తీగెలకి ఇవతల' అని రాసి, కింద సంతకం పెట్టి అందించారు.

"మైదానంలో దించలేదు కదండీ," అన్నాడు వాడు.

మాస్టారు పెదవి తుడుచుకున్నారు.

"తీగెలకి అవతలే దిగుతానన్న శిష్యుడి కాగితం ఒకటి నా పెట్టెలో ఉంది. పదకొండేళ్ళయింది, అడగడానికి వాడు లేడు."