రొప్పితే రాయే

అనగా అనగా, సముద్రపు నీళ్లు ఇంకా తియ్యగా ఉన్న రోజుల్లో, ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు ఊళ్లను పీడిస్తున్నాడు. వాడి ప్రాణం కొండమీది చిలకలో ఉంది. ఆ చిలక కోసం పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. మూడోవాడు ఉదయకేతుడు. గారెలంటే ప్రాణం, నడకంటే బద్ధకం. అయినా అన్నల కోసం ఓడెక్కాడు.

ఏడు సముద్రాలూ దాటాడు. కొండకు మూడు వందల మెట్లు. ఇరవయ్యో మెట్టుమీద అన్నలిద్దరూ రాళ్లై నిలబడి ఉన్నారు! ఏడుస్తూ మెట్టెక్కబోయాడు.

"ఆగవయ్యా!" కింద మేస్తున్న తెల్లమేక అరిచింది. "ఆ మెట్లకు మంత్రం ఉంది. ఎవరు రొప్పితే వాళ్లు రాయి! నీ పొట్ట చూస్తే పదో మెట్టైనా దాటేలా లేవు."

"మరెలాగమ్మా?"

"నేను నేర్పుతాగా! ఇసుకలోకి రా."

గుర్తుపెట్టుకోండి పిల్లలూ, మేక మూడు పనులు చెప్పింది. ముందు ఇసుకలో నడక. తర్వాత ఇసుకలో పరుగు. ఆ తర్వాత భుజాన రాయి పెట్టుకుని పరుగు. రాకుమారుడికి తొందరెక్కువ. మొదటిరోజే పరుగెత్తాడు. మర్నాడు పిక్కలు పట్టేసి లేవలేకపోయాడు.

"ఒక్కరోజులో ఏనుగువైపోదామనా, గారెల రాజా? నిన్న వంద అడుగులైతే ఇవాళ నూటపది. వారానికోరోజు హాయిగా పడుకో. కండ పట్టేది నిద్రలోనే!"

నడిచాడు, నడిచాడు. పరుగెత్తాడు, పరుగెత్తాడు. రాయి మోశాడు. ఏడాది తిరిగేసరికి రాయి మోస్తూ పరుగెత్తుతూనే మేకతో కబుర్లు చెబుతున్నాడు.

"ఇక ఎక్కు," అంది మేక.

ఎక్కాడు! వంద మెట్లు. గుండె డప్పులా మోగింది, పెదవి మాత్రం విప్పలేదు. రెండు వందలు. మూడు వందలు! చేయి చాచి చిలకను పట్టేశాడు.

ప్రాణమున్న చిలక పరాయి చేతిలో పడగానే, ఆకాశంలో వస్తున్న కరాళుడికి ఎగిరే శక్తి పోయింది. దభాలున కొండ కింద పడ్డాడు.

"నా చిలకను ఇవ్వరా!"

"పైకొచ్చి తీసుకో తాతా, కాళ్లున్నాయిగా!"

కరాళుడు పుట్టి బుద్ధెరిగి ఒక్క మెట్టు ఎక్కినవాడు కాదు. ఎనిమిది మెట్లు, తొమ్మిది, పది... హా హా అని రొప్పాడు. తన మంత్రానికి తానే రాయైపోయాడు!

వాడి మాయలన్నీ విడిపోయాయి. అన్నలిద్దరూ ఒళ్లు విరుచుకుంటూ దిగొచ్చారు. మేక ఉన్నచోట ఒక రాకుమారి నవ్వుతూ నిలబడింది.

"నా పేరు మందారవల్లి. వాణ్ణి పెళ్లాడనన్నానని మేకను చేశాడు."

"మరి నన్ను పెళ్లాడతావా?"

"పరుగులో పట్టుకుంటే!"

ఇసుకలో దూసుకుపోయింది. పట్టుకోలేకపోయాడు. చివరికి నవ్వు ఆపుకోలేక ఆమే ఆగింది.

ఏడు రోజులు పెళ్లి! మందారవల్లి రాజ్యాన్ని ఇద్దరూ కలిసి ఏలారు. తొంభై ఏళ్లప్పుడు కూడా కోటమెట్లు ఎక్కుతూ, ఆపకుండా పోట్లాడుకునేవారట. ఊపిరంటే అదీ!