పద్యాలు నేర్చిన కాపలా

కోట కాపలావాళ్లకు దొంగలను పట్టడం మీద దండపాణి అనే గురువు పద్యాలు నేర్పాడు. శిక్షణ ఫలించిందా అని రాజు అడిగితే, "అందరూ గడగడా ఒప్పజెప్పారు ప్రభూ. నోరు తిరగని సింగన్నను మాత్రం కొలువులోంచి తీసేయండి" అన్నాడు.

మర్నాడు సింగన్న భార్య కొండమ్మ తలమీద తట్టతో నేరుగా సభలోకి వచ్చింది. తట్ట దింపి తోటకూర ఎత్తి చూపింది. దాని అడుగున పదునైన కొడవలి!

రాజు అదిరిపడ్డాడు. "నిన్నెవరు రానిచ్చారు?"

"తూర్పు వాకిలి కాపలావాళ్లు, మహారాజా. దొంగను ఎలా పట్టాలయ్యా అని అడిగాను. కళ్లు మూసుకుని పద్యాలు అందుకున్నారు. అవి అయ్యేలోగా లోపలికి వచ్చేశాను."

"చూశారా, ఒక్క పద్యమూ మరిచిపోలేదు!" అన్నాడు దండపాణి.

రాజు అతణ్ణి ఉరిమి చూశాడు. "నిన్ను ఆపినవాడే లేడా తల్లీ?"

"లేకేం! ముందు పడమటి వాకిలికే వెళ్లాను. తట్ట దింపి చూపిస్తేగానీ కదలనివ్వనన్నాడు మా ఆయన. నీ పెళ్లాన్నయ్యా అన్నా వినలేదు."

సింగన్న కొలువు నిలిచింది. ఆ సాయంత్రం కొండమ్మ తేలిక మనసుతో తోటకూర వండి వడ్డించింది. సింగన్న గరిటెతో గిన్నె అడుగుదాకా కలిపి చూసుకున్నాకే ముద్ద కలిపాడు.