బావమరిది ఎక్కిన బండి

పూర్వం ఒక రాజుగారు పట్నంలో ఉమ్మడి గుర్రబ్బండ్లు పెట్టించారు. కావలసినవాళ్లు తీసుకుని, తామే తోలుకుని, మళ్లీ గుర్రపుసాలలో అప్పగించాలి. బజారులో మాత్రం గుర్రాన్ని పరుగెత్తించకూడదు. చక్కని ఏర్పాటే, కానీ ఎంత చక్కని ఏర్పాటుకైనా ఒక బావమరిది ఉంటాడు. ఈ రాజుగారి బావమరిది వీరభూపతి బండెక్కాడంటే బజారులో కుండ మిగిలేది కాదు.

సాల చూసుకునే నాంచారమ్మ ఒకనాడు అతనికి బండి ఇవ్వనంది. అతను ఆమెను వెంటబెట్టుకుని తిన్నగా రాజుగారి దగ్గరికి పోయాడు.

"బావగారూ, నేను నత్తలా తోలతాను. ఈవిడ అబద్ధాలకోరు. పనిలోంచి తీసెయ్యండి!"

నాంచారమ్మ సాక్షుల కోసం ఆలోచించింది. రాణిగారి తమ్ముడి మీద సాక్ష్యం చెప్పే మొనగాడు ఊళ్లో ఎవడున్నాడు?

"ఆయన రోజూ తోలే గుర్రాన్నే కడతాను, మహాప్రభూ. తమరు వెనక కూర్చుని ఒక్కసారి బజారు దాటి రండి. అది నత్త నడకే అయితే నన్ను తీసెయ్యండి."

వీరభూపతి కొరడా ముట్టకుండా, కళ్లెం బిగబట్టి బయల్దేరాడు. కానీ బజారు మలుపు తిరగ్గానే, ఈయన ఎక్కితే ఇక్కడ పరుగెత్తాలని అలవాటుపడ్డ గుర్రం చెవులు నిక్కించి దూసుకుపోయింది. "నెమ్మదే, నా తల్లీ!" అని అతను గోలపెట్టాడు. ఆ మాట అతని నోట ఎన్నడూ వినని గుర్రం మరింత హుషారెక్కింది. అతని తలపాగా మిరపకాయల బస్తాలో పడింది. రాజుగారు పెరుగు కుండల మధ్య తేలారు.

"ఇంత ఘోరమని ముందే చెప్పొద్దూ!" అన్నారు, సాలకు తిరిగొచ్చాక నాంచారమ్మతో, మీసాలు తుడుచుకుంటూ.

"నేను చెబితే తమరు నమ్ముతారా, ప్రభూ? ఊళ్లోవాళ్లు చెప్పడానికి భయపడతారు. ఆయన ఎవరి బావమరిదో తెలియనిది ఆ గుర్రానికొక్కదానికే!"