బట్టీ గాడిద దాహం

ఎండాకాలం వచ్చేసరికి కొండ కింది మడుగు తాంబాళమంత అయిపోతుంది. ఉన్న నీళ్ళు అందరికీ అందేలా చూడటానికి ఒక పెద్ద కావాలని జంతువులన్నీ సభ పెట్టుకున్నాయి. నక్క లేచి గాడిదను ముందుకు తోసింది.

"ఇది ఇటుక బట్టీ నుంచి పారిపోయి వచ్చింది. ఎర్రటెండలో, పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా చుక్క నీరు లేకుండా ఇటుకలు మోసింది. దాహమంటే ఏంటో దీనికంటే ఎవరికి తెలుసు? పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదన్నారు."

గాడిద వీపు మీద కాయలు కాసిన మచ్చలు చూసి అన్నిటి కళ్ళూ చెమర్చాయి. తోకలెత్తి ఒప్పేసుకున్నాయి. ఈ బుద్ధి ఎప్పటికి మారుతుందో గానీ, మచ్చ కనిపిస్తే చాలు, మనసు కరిగిపోతుంది. రేపు ఏం చేస్తావయ్యా అని అడిగే నాథుడుండడు.

గాడిద చేసిన మొదటి పని మడుగు చుట్టూ పచ్చి రేగుకంపతో కంచె వేయించడం. కంప మోసింది ఎద్దు. రెండో పని, రోజూ పొద్దు గూకాకే నీళ్ళకు దారి తెరుస్తామని చాటించడం. కంపకు నోరు పెట్టినవాళ్ళకు ఆ కాసిని నీళ్ళు కూడా ఉండవు. కాపలా పేరు చెప్పి గాడిదా, నక్కా మాత్రం పగలంతా కంచె లోపలే కాళ్ళు తడుపుకుంటూ కూర్చునేవి.

అప్పుడే ఈనిన మేకకు నీళ్ళు లేక పొదుగు ఎండిపోయింది. పిల్ల లేచి నిలబడలేకపోతోంది. మేక పడుతూ లేస్తూ కంచె దగ్గరికి వచ్చింది.

"దొరా, పాలు పడటం లేదు. మధ్యాహ్నం ఒక్క గుక్క ఇప్పించండి. లేకపోతే పిల్ల దక్కదు."

"దాహం గురించి నువ్వు నాకు చెప్తున్నావా?" అంది గాడిద. "బట్టీ దగ్గర పొద్దు గూకేదాకా నేను ఓర్చుకోలేదా? చచ్చానా? ఇదిగో, నిక్షేపంలా ఉన్నాను."

"మీరు ఇటుకలు మోశారు గానీ పాలివ్వలేదు కదా దొరా."

"కష్టం గట్టిపరుస్తుందమ్మా. నీ పిల్లనీ గట్టిపడనీ."

పక్కనే ఉన్న ఎద్దు నిట్టూర్చింది. "అత్తా ఒకప్పటి కోడలే అంటారు. అందుకే కాబోలు, ఏ వాత ఎక్కడ పెడితే ఎంత మండుతుందో అత్తకే బాగా తెలుసు."

మేకకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎప్పుడు ఏం అడిగినా ఆ బట్టీ కథే. వినీ వినీ దానికి కంఠతా వచ్చేసింది. మర్నాడు నవ్వు మొహం పెట్టుకుని వచ్చింది.

"దొరా, మీ కష్టాన్ని నోటితో చెబితే పిల్లకాయలు కథలా వింటున్నారు. ఒక్కసారి కళ్ళారా చూపిస్తే జన్మలో మరిచిపోరు."

నక్కకు ఎక్కడలేని హుషారు వచ్చింది. "భేషుగ్గా ఉంది. దాహ దినోత్సవం అని పేరు కూడా పెట్టేద్దాం."

గాడిద మెడ నిక్కించింది. పొగడ్తకు లొంగని గాడిద ఇంకా పుట్టలేదు.

తెల్లారేసరికి వీపున రాళ్ళమూటతో కంచె బయట ఎండలో నిలబడింది. అన్నీ చుట్టూ చేరాయి. కాసేపు ప్రసంగం జోరుగానే సాగింది. ఎండ నడినెత్తికి రాకముందే మాట తడబడి, నాలుక బయటికొచ్చింది.

"నక్కా, కాసిని నీళ్ళు."

"ఓర్చుకోండి దొరా, అందరూ చూస్తున్నారు," అంది నక్క నీళ్ళలోంచి.

"పొద్దు గూకాక ఇస్తారు దొరా," అంది మేక. "మీరు పెట్టిన నియమమే."

"గొంతు అంటుకుపోతోందే."

"గట్టిపడుతున్నారు దొరా."

"నీ నియమం తగలెయ్య. ఆ కంపను తీసేస్తారో తినేస్తారో, ముందు నాకు దారివ్వండి."

మేక ఆ మాట కోసమే కాచుక్కూచుంది. మేకల మంద మొత్తం కంప మీద పడింది. కంచె చేను మేసిందని విన్నాం గానీ, కంచెనే మేసెయ్యడం అడవి అప్పుడే చూసింది. ఆకూ రెమ్మా అయిపోయాక మిగిలిన ముళ్ళను ఎద్దు గిట్టలతో తొక్కి మట్టిలో కలిపేసింది. మేక కడుపారా తాగి పిల్ల దగ్గరికి పరుగెత్తింది. ఎండ చల్లబడేవేళకు పిల్ల తల్లి పొదుగును కుమ్ముతూ నిలబడి ఉంది.

గాడిద కూడా పొట్ట పగిలేలా తాగింది. మూతి తడి ఆరకముందే నీడకు చేరి గొంతు సవరించుకుంది.

"చూశారుగా, ఈ వయసులోనూ ఎంత ఓర్చుకున్నానో. చచ్చానా? ఇక కంచె మూసెయ్యండి."

"ఏ కంచె దొరా?" అంది మేక నెమరేస్తూ.

"కొత్త కంప తెప్పించండి. ఎద్దు ఉందిగా, మోస్తుంది."

ఎద్దు తాగుతూనే ఉంది, తల ఎత్తలేదు. నిదానంగా తాగడం ముగించి అంది, "మోతబరువు తెలిసినవారు మీరే కదా దొరా. ఈసారి మీరే మోయండి."

గాడిద నక్క కోసం అటూ ఇటూ చూసింది. నక్క అప్పటికే గుంపులో కలిసిపోయింది.

నీతి: దాహం గొంతు తడిసేదాకే గుర్తుంటుంది, అందుకని నీళ్ళ దారిని ఎవరి జ్ఞాపకానికీ అప్పగించకూడదు.