ఏడో గిన్నె

కరువు కాలంలోనే తూర్పు దీవుల వంటవాణ్ణి రప్పించి రాజు కొత్త భోజనశాల తెరిచాడు. ఆ ఋతువులో పండిందే వడ్డించాలి, ఒక గిన్నె ఖాళీ అయితేనే మరో గిన్నె రావాలి. అది ఆ దీవుల ఆచారం. తప్పినవాడికి కొరడా దెబ్బలని రాజే చాటించాడు.

ఒక్కో గిన్నె ఒక్కో పల్లె వంతు; ఏడో గిన్నెకు తమ పల్లె పంట తెమ్మని కుమ్మరి పోలమ్మకు కబురొచ్చింది. ఆమె గిన్నె నింపి తెచ్చి, సామంతులందరి ఎదుట రాజు ముందు పెట్టింది.

"ఈ మట్టేమిటే?"

"మా పిల్లను పూడ్చిన చోటిది దొరా. ఈ ఋతువులో మా పల్లెలో సమాధులే లేచాయి. ఇది ఖాళీ చేస్తేగాని ఎనిమిదోది రాదంట."

వంటవాడు ఎనిమిదో గిన్నె తేకుండా చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఎలా తినమంటావే!"

"మేమూ తినలేకపోయాం దొరా."

మర్నాడు రాజు ధాన్యపు కొట్లు తెరిపించాడు. ఊరంతా చేటలతో పరిగెత్తింది. పోలమ్మ వెళ్ళలేదు. ఆ ఇంట ఎవరికి వండాలి?